ఆ గుయ్‌మనే శబ్దానికి మనం ఎంత దూరంలో ఉన్నాం?

(కోనసీమలో ఒక ఊరి గ్రంథాలయం హాల్లో, ఆదివారం సాయంత్రం, రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ ఒకరు కరెంటు తీగల గురించి పాకిన భయం మీద మాట్లాడినదానికి ఇది రాతరూపం.)

అందరికీ నమస్కారం అండి. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి ఈ అరుగు మీద కూర్చోండి, ఫర్లేదు, నేను ప్రశ్నలు అడగను, మార్కులు వెయ్యను, ఆ ఉద్యోగం అయిపోయింది.

మాటకి ముందు ఒక శబ్దం వినిపిస్తాను. ఇది పాత రిలేలోంచి ఊడదీసిన రాగితీగ చుట్ట. దీన్ని ఈ బ్యాటరీ స్పీకర్‌కి కలిపాను, అంతే, ఇందులో మైకు కూడా లేదు. ఇప్పుడు ఆ ఫ్యాన్ రెగ్యులేటర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను.

(గుయ్‌మని శబ్దం. నవ్వులు.)

వినబడింది కదా. మీరు విన్నది అయస్కాంత క్షేత్రం. తీగలో కరెంటు సెకనుకి 50 సార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంది, దాంతోపాటు చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రమూ ఊగుతుంది, ఆ ఊగుడుని ఈ చుట్ట పట్టుకుని స్పీకర్‌కి చెబుతోంది. ఇప్పుడు చెయ్యి వెనక్కి తీస్తున్నాను చూడండి. జానెడు. రెండు జానలు. మూర. ఏదీ, వినబడుతోందా? లేదు. ఈ సాయంత్రం నేను చెప్పాలనుకున్నదాంట్లో ముప్పాతిక వంతు ఇదేనండి, ఆ మూరెడు దూరం గురించే. అయినా పిలిచారు కాబట్టి గంటసేపు మాట్లాడతాను.

పదిహేను రోజుల కిందట మా వీధిలో అందరి ఫోన్లకీ ఒక వీడియో వచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. హైటెన్షన్ టవరు, దాని చుట్టూ ఎర్ర గీత, వెనకాల డప్పుల మోత, 'మీ పడగ్గదిలో మృత్యు తరంగాలు' అని అక్షరాలు. మిక్సీ, ఫ్రిజ్, ఇన్వర్టర్, ఇండక్షన్ స్టవ్ ఒకదాని తరవాత ఒకటి చూపించి ప్రతిదాని మీదా పుర్రె బొమ్మ. మర్నాడు ఒక టీవీలో అదే వీడియో అరగంట చర్చ అయింది. ఆ సాయంత్రానికి మా పక్కింటి పిన్నిగారు మంచం తీసుకెళ్లి వసారాలో వేసుకున్నారు. ఆవిడ ఇక్కడే ఉన్నారు, చెప్పచ్చా పిన్నిగారూ? సరే, చెప్పమంటున్నారు.

నాకు ఆవిడ మీద నవ్వు రాలేదండి. ఎందుకు రాలేదో చెబుతాను. వేమగిరి వైపు నుంచి పోయే 400 కేవీ లైను కింద మంచు పడే తెల్లవారుజామున ఎప్పుడైనా నిలబడ్డారా? చిటపట, చిటపట, నూనెలో ఆవాలు వేసినట్టు. తడిగాలిలో తీగ చుట్టూ ఉన్న గాలే కొద్దికొద్దిగా కరెంటుని మోస్తుంది, ఆ చప్పుడది. గొడుగు పట్టుకుని వెళ్తే ఇనప కాడ దగ్గర వేలికి చిన్న చురుకు తగులుతుంది. ట్యూబ్‌లైటు చేత్తో నిలబెట్టి పట్టుకుంటే మసగ్గా వెలుగుతుంది కూడా. ఇవన్నీ నిజాలే. ఇన్ని నిజాలు కళ్ళారా చూసిన మనిషికి 'ఇది లోపల రక్తాన్ని కూడా ఏదో చేస్తుంది' అంటే ఎందుకు నమ్మడు? కాకపోతే ఆ చురుకూ ఆ వెలుగూ విద్యుత్ క్షేత్రం పనులు. అది వోల్టేజీని బట్టి ఉంటుంది, గోడో చెట్టో అడ్డం వస్తే చాలావరకు ఆగిపోతుంది. అయస్కాంత క్షేత్రం ప్రవహించే కరెంటుని బట్టి ఉంటుంది, గోడ దాన్ని ఆపలేదు, దూరం ఒక్కటే ఆపుతుంది. టీవీ చర్చలో ఈ రెండింటినీ కలిపి ముద్ద చేసేశారు.

అయస్కాంతం మనకి కొత్త కాదు. 1820లో డెన్మార్క్‌లో ఓర్‌స్టెడ్ అనే ఆయన తీగలో కరెంటు పంపిస్తే పక్కనున్న దిక్సూచి ముల్లు కదిలింది, అప్పటినుంచే మోటార్లూ ట్రాన్స్‌ఫార్మర్లూ అన్నీ. అంతకన్నా ముందు, మనిషి పుట్టకముందు నుంచీ, భూమి పెద్ద అయస్కాంతం. ఈ దిక్సూచి చూడండి, ఉత్తరానికి తిరిగింది. దీన్ని తిప్పే భూమి క్షేత్రం చోటుని బట్టి 25 నుంచి 65 మైక్రోటెస్లాలు ఉంటుంది, మన వైపు 40 చిల్లర. మైక్రోటెస్లా అన్నది కొలత, మన గజం, సెంటు లాగా అనుకోండి. ఈ 40 గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను. అయితే ఒక తేడా ఉంది, దాచను. భూమి క్షేత్రం కదలకుండా నిలబడి ఉంటుంది, కరెంటుది ఊగుతుంది. నా చుట్టకి భూమి వినబడదు, ఫ్యాను వినబడుతుంది. అందుకని 'భూమిదే 40 ఉంది, తీగది ఒకటో రెండో, భయం దేనికి' అని కొట్టిపారేస్తే అది సరైన సమాధానం కాదు. నా తోటి సైన్సువాళ్లు కొందరు అలాగే చెబుతారు, నాకు నచ్చదు.

ఉత్తరం వైపు తల పెట్టి పడుకుంటే రక్తంలో ఇనుము మెదడుకి లాగేస్తుందని కూడా ఆ వీడియోలో చెప్పారు. పెద్దల ఆచారం ఆచారంగా పాటించండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ దానికి సైన్సు తొడుగు వెయ్యకండి. రక్తంలో ఇనుము హిమోగ్లోబిన్‌లో ఒక్కో పరమాణువుగా కట్టుబడి ఉంటుంది, మేకులో ఇనుములాగా అయస్కాంతానికి అతుక్కోదు. ఎంఆర్ఐ మిషన్లో పడుకున్నవాళ్లు ఇక్కడ ఎంతమంది? చాలామందే ఉన్నారు. మామూలు ఎంఆర్ఐ 1.5 టెస్లా, అంటే 15 లక్షల మైక్రోటెస్లాలు. భూమి లాగేదానికి 30 వేల రెట్లకి పైన. అందులో అరగంట పడుకుని లేచొచ్చారు, రక్తమంతా ఒక వైపుకి చేరలేదు కదా. అక్కడ ప్రమాదం రక్తానికి కాదు, ఇనప సామాన్లకి. 2018లో ముంబైలో ఆక్సిజన్ సిలిండర్‌తో ఆ గదిలోకి వెళ్లిన మనిషి ప్రాణమే పోయింది.

ఇంకో తమాషా చెప్పనా. ఒకప్పుడు మన ఊళ్లలో అయస్కాంత పరుపులు అమ్మారు, గుర్తుందా? మీటింగ్ పెట్టి, టీ ఇచ్చి, నడుం నొప్పి, షుగరు, బీపీ అన్నీ పోతాయని. మా బంధువుల్లో ఒకాయన అప్పు చేసి మరీ కొన్నాడు. ఇప్పుడు అదే మనిషి ఫోన్ వెనకాల రేడియేషన్ ఆపుతుందనే స్టిక్కర్ అంటించుకు తిరుగుతున్నాడు. అయస్కాంతం ఒంటికి మంచిదని ఒకసారి, చెడ్డదని ఒకసారి, రెండు సార్లూ డబ్బు పోయింది ఆయనదే.

(కరెంటు పోయింది. కాసేపటికి ఇన్వర్టర్ వచ్చింది.)

మంచి టైముకి పోయింది. ఆ నిమిషం ఈ చుట్ట నోరు మూసుకుంది, గమనించారా? ఇప్పుడు వినండి. ఇందాకటి గుయ్ కాదు, గరగరమంటోంది. చవకరకం ఇన్వర్టర్ ఇచ్చే కరెంటు నున్నగా ఊగదు, మెట్లు మెట్లుగా ఊగుతుంది. ఫ్యాను కూడా మూలుగుతోంది చూడండి. ఇది ఆరోగ్యం సంగతి కాదు, ఫ్యాను సంగతి.

ఇప్పుడు దూరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జనం కోసం పెట్టిన ఒక పట్టిక ఉంది. జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ 3 సెంటీమీటర్ల దగ్గర 6 నుంచి 2000 మైక్రోటెస్లాల దాకా. అదే డ్రయ్యర్ 30 సెంటీమీటర్ల దగ్గర ఎక్కువలో ఎక్కువ 7. మీటరు దూరంలో 0.03. ఇస్త్రీపెట్టె దగ్గరగా 8 నుంచి 30, అడుగు దూరంలో 0.3 దాటదు. ఫ్రిజ్ అయితే ఆనుకుని ఉన్నా రెండు కూడా రాదు. వీడియోలో ఆ 2000 చెప్పారు, 'ప్రమాద స్థాయి' అన్నారు, ఎంత దూరంలోనో చెప్పలేదు. మా ఇంట్లో పొయ్యి మంట 800 డిగ్రీలు అని వార్త రాసి, చెయ్యి పొయ్యిలో పెట్టినప్పుడు అన్న ముక్క తీసేస్తే ఎలా ఉంటుంది? అలాగే ఉంది.

దూరం పెరిగితే అంత తొందరగా ఎందుకు పడిపోతుందంటే, వెళ్లే తీగ ఒకటి, వచ్చే తీగ ఒకటి పక్కపక్కనే ఉంటాయి, ఒకదాని క్షేత్రాన్ని ఇంకోటి కొట్టేస్తుంది. రొయ్యల చెరువు దగ్గర త్రీఫేజ్ మోటార్లకి వెళ్లే మూడు తీగలూ అంతే. పెద్ద లైన్లూ అంతే, కాకపోతే తీగల మధ్య ఎడం ఎక్కువ కాబట్టి పడిపోవడానికి ఇంకాస్త దూరం పడుతుంది. 50 నుంచి 100 మీటర్లు అవతలికి వెళ్తే లైను ఉన్నా లేకపోయినా మామూలు ఇంట్లో ఉండే స్థాయే. మన కొబ్బరితోటలో నాలుగైదు వరసలు... కాదు, ఏడెనిమిది వరసలు దాటితే చాలనుకోండి.

మరి ఇంత తేలికైనదానికి ప్రపంచమంతా నలభై ఏళ్లు ఎందుకు కొట్టుకుంది? ఇక్కడ కొంచెం నిదానంగా వినాలి, ఎందుకంటే ఇది పూర్తిగా గాలివార్త కాదు.

1979లో అమెరికాలో డెన్వర్ నగరంలో నాన్సీ వెర్థైమర్, ఎడ్ లీపర్ అని ఇద్దరు, రక్త క్యాన్సర్‌తోనూ వేరే క్యాన్సర్లతోనూ చనిపోయిన పిల్లల ఇళ్లు తిరిగి చూశారు. ఎక్కువ కరెంటు మోసే తీగలకి దగ్గరగా ఉన్న ఇళ్లు ఆ పిల్లల్లో ఎక్కువ కనిపించాయి. వాళ్లు మీటరు పెట్టి కొలవలేదు, తీగల లావు, దూరం చూసి అంచనా కట్టారు. తరవాత కొన్ని అధ్యయనాల్లో సంబంధం కనిపించింది, కొన్నిట్లో లేదు. 1989లో అమెరికాలో ఒక పెద్ద పత్రిక వరసగా కథనాలు వేసింది, జనం బెంబేలెత్తారు. 1993లో స్వీడన్‌లో పెద్ద లైన్లకి 300 మీటర్ల లోపు ఉండేవాళ్లని చూసి మళ్ళీ సంబంధం ఉందన్నారు. 1997లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ఇళ్లలో మీటర్లు పెట్టి కొలిచి స్పష్టమైన సంబంధం కనపడలేదంది. ఇలా అటూ ఇటూ లాగితే పేపర్లకి పండగే కదండీ, ఒక నెల ఉంది, ఒక నెల లేదు.

2000లో తొమ్మిది అధ్యయనాల పిల్లల లెక్కలన్నీ ఒకచోట కుప్ప పోసి చూశారు. రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలు 3,247 మంది, రానివాళ్లు 10,400 మంది. ఇంట్లో సగటు క్షేత్రం 0.4 మైక్రోటెస్లా కన్నా తక్కువ ఉన్నవాళ్లలో తేడా ఏమీ లేదు. పిల్లల్లో నూటికి తొంభైతొమ్మిది మంది ఆ లోపే. 0.4 పైన ఉన్నవాళ్లు ఎంతమందో తెలుసా? క్యాన్సర్ వచ్చినవాళ్లలో 44 మంది, రానివాళ్లలో 62 మంది. లెక్క వెయ్యండి, 3,247లో 44, 10,400లో 62. మొదటిది రెండోదానికి రెట్టింపు పైచిలుకు, వాళ్ల పద్ధతిలో సరిగ్గా కడితే రెట్టింపు. 'క్యాన్సర్ ముప్పు రెట్టింపు' అని మీరు చదివిన ప్రతి హెడ్డింగు వెనకాలా ఆ 44 మంది పిల్లలు ఉన్నారండి.

44 అని తేలిగ్గా అనడం లేదు. అందులో ప్రతి ఒక్కరూ ఒక ఇంటి బిడ్డ. కానీ 44 మీద కట్టిన అంచనా గట్టు వేసిన కొత్తలో ఉన్న చెరువులాంటిది, ఎటు జారుతుందో చెప్పలేం. పైగా రెట్టింపు అంటే దేనికి రెట్టింపు? ఈ జబ్బు లక్ష మంది పిల్లల్లో ఏడాదికి నలుగురైదుగురికి వస్తుంది. నలుగురు ఎనిమిది మంది అవుతారు, అదీ ఆ ఎక్కువ క్షేత్రం ఉన్న ఇళ్లలో లక్ష మంది పిల్లలుంటే. ఆ లక్ష అన్న మాట హెడ్డింగులో పట్టదు.

ఇంకో ముడి ఉంది. బ్రిటన్‌లో 1962 నుంచి 2008 వరకు క్యాన్సర్ వచ్చిన పిల్లల రికార్డులు తీసి, పెద్ద లైన్ల దగ్గర పుట్టారా అని దశాబ్దాల వారీగా చూశారు. 1960, 70ల్లో లైన్ల దగ్గర జబ్బు ఎక్కువ, 80ల నుంచి ఆ తేడా పోయింది. లైన్లు అక్కడే ఉన్నాయి, కరెంటు వాడకం పెరిగిందే తప్ప తగ్గలేదు. క్షేత్రమే కారణమైతే తేడా పెరగాలి గానీ పోతుందా? అప్పట్లో ఆ లైన్ల పక్కన ఉండే జనం ఎవరు, ఎలా బతికేవారు, అందులో ఏదో ఉండి ఉంటుందని అనుమానం. నా అనుమానమూ అదే.

2002లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ క్షేత్రాలని '2బి' అనే గడిలో వేసింది. 'క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండచ్చు' అని. టీవీలో ఈ గడి పేరు పదిసార్లు చెప్పారు. అదే గడిలో ఊరగాయ కూడా ఉంది. (నవ్వులు.) కంగారు పడకండి, మన ఆవకాయ కాదు, తూర్పు ఆసియాలో కూరగాయలు ఊరబెట్టే పద్ధతి. ఈ గడులు ముప్పు ఎంత పెద్దదో చెప్పవు, ఆధారం ఎంత గట్టిదో చెబుతాయి. ఆధారం గట్టిగా ఉన్న మొదటి గడిలో ఏముందంటే పొగాకు, సారా, ఎండ, వక్క. అవునండి, వక్కే. 2004 నుంచీ ఉంది. వక్క నములుతూ ఆ వీడియో ఫార్వర్డ్ చేసినవాళ్లు ఈ హాల్లోనే కనీసం నలుగురు ఉన్నారు, చూడను, తల దించుకోకండి.

సెల్ టవర్ల సంగతి వేరే, అవి సెకనుకి కోట్ల సార్లు ఊగే తరంగాలు, దాన్ని ఇందులో కలపను. 2011లో అవీ 2బి గడిలోకే వచ్చాయి, మన దేశంలో టవర్లకి 2012 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతే అనుమతి. అంతే, దాటేద్దాం.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన ప్రయోగం అయస్కాంతం గురించి కాదు, వార్తల గురించి. 2013లో లండన్‌లో చేసినది అచ్చయింది. 147 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి వైఫై వల్ల జబ్బులని చెప్పే టీవీ కార్యక్రమం, రెండో జట్టుకి వేరే ఏదో సినిమా చూపించారు. తరవాత అందరినీ 'ఇప్పుడు వైఫై సిగ్నల్ పెడుతున్నాం' అని 15 నిమిషాలు కూర్చోబెట్టారు. సిగ్నల్ లేదు. వట్టి మాట. సగం మందికి పైగా ఏదో ఒకటి అయిందన్నారు, కంగారు, మనసు నిలవకపోవడం, చేతులు తిమ్మిర్లు. ముందే టెన్షన్ మనుషులైనవాళ్లలో, ఆ కార్యక్రమం చూసినవాళ్లలో ఈ బాధలు బాగా ఎక్కువ. ఇద్దరు మధ్యలోనే ఆపెయ్యమన్నారు.

వాళ్లు అబద్ధం ఆడారని కాదు. తిమ్మిరి నిజంగానే వచ్చింది. అందుకే మా పిన్నిగారు 'ఆ ఇన్వర్టర్ పక్కన పడుకుంటే తల బరువుగా ఉంటోంది' అంటే తల బరువుగా లేదని నేను అనను. వీడియో రాకముందు ఉందా అని అడిగాను, అంతే. ఆలోచించి, 'ఏమో నాయనా' అన్నారు.

ఇప్పుడు కొంచెం చేదు మాట. ఈ వీడియో గొడవ మొదలైన ఊరికి నేను వెళ్లాను. అక్కడ లైను కింద కొబ్బరిచెట్లు కొట్టేశారు, ఎత్తు చెట్టు లైను కింద ఉండనివ్వరు కదా. ఒక రైతు నన్ను తోటకి తీసుకెళ్లి మొదళ్లు చూపించాడు. కాపు మీదున్న చెట్లు, తాతల నాటివి. చెట్టుకి ఇచ్చిన డబ్బు ఎన్నేళ్ల కాపుకి సమానమో వేలు మడిచి లెక్క చెప్పాడు. లైను పక్క స్థలం కొనేవాడు లేడన్నాడు. 'మరి టీవీ వాళ్లకి ఇది చెప్పలేదా' అంటే, 'చెప్పానండి, అది వెయ్యలేదు, క్యాన్సర్ గురించి చెప్పమన్నారు' అన్నాడు. ఆయన నష్టం నిజం. దానికి మైక్రోటెస్లాలు అక్కర్లేదు. కానీ చెట్టు మొదలు వార్త కాదు, పుర్రె బొమ్మ వార్త. రేపు ఎవరో ఒక ఇంజినీరు మీటరు పట్టుకొచ్చి 'క్షేత్రం పరిమితిలోనే ఉంది' అని తేలుస్తాడు. పరిమితి 50 హెర్ట్జ్‌కి 2010 నుంచి 200 మైక్రోటెస్లాలు, లైను కింద ఎప్పుడూ అంత రాదు. దాంతో కేసు కొట్టేసినట్టే, చెట్ల మాట కూడా దాంతోపాటే పోతుంది. క్యాన్సర్ అని అరిచినందుకు ఆ రైతే నష్టపోతాడు.

కరెంటు మనుషుల్ని చంపదా అంటే, చంపుతుంది. జాతీయ నేర రికార్డుల లెక్కల్లో ఏటా 10 వేల మందికి పైగా కరెంటు షాక్‌తో పోతున్నారు. అది క్షేత్రం పని కాదు, ఒంట్లోంచి పోయే కరెంటు పని. మన చెరువులే చూడండి. గట్టు మీద వెదురు కర్రకి చుట్టిన అతుకుల వైరు, నీళ్లలో తిరుగుతూ గాలి కలిపే ఏరియేటర్, అర్ధరాత్రి ఒకటి ఆగిపోతే తడి కాళ్లతో స్టార్టర్ డబ్బా మూత తీసే కుర్రాడు. 30 మిల్లీఆంపులు లీకైతే కొట్టేసే ఆర్‌సీసీబీ అని చిన్న స్విచ్చి ఉంటుంది, రొయ్యల మేత ఖర్చు ముందు దాని ధర ఒక లెక్క కాదు. ఎన్ని చెరువుల దగ్గర ఉందో మీరే చెప్పండి. ఎర్తింగ్ గుంతలో ఉప్పూ బొగ్గూ వేసి ఎన్నేళ్లయింది? ఎవరూ చెప్పరే.

అయస్కాంతంతో కూడా నిజమైన ప్రమాదాలు రెండున్నాయి, వీడియోలో రెండూ లేవు. ఒకటి, గోళీల్లా ఉండే చిన్న చిన్న గట్టి అయస్కాంతాలు, పిల్లల ఆటబొమ్మల్లో వస్తున్నాయి. పిల్లాడు రెండు మింగితే లోపల పేగు ఇటువైపు ఒకటి, అటువైపు ఒకటి అతుక్కుని మధ్యలో పేగుకి చిల్లు పెడతాయి. మింగాడని అనుమానం వస్తే ఆ రాత్రే ఆసుపత్రికి, తెల్లారేదాకా ఆగద్దు. రెండోది, గుండెకి పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు. అయస్కాంతం ఉన్న ఫోన్లు చొక్కా జేబులో పెట్టుకోకూడదు, 15 సెంటీమీటర్లు ఎడం ఉండాలి. ఇండక్షన్ స్టవ్ దగ్గరైతే 60 సెంటీమీటర్లు. మళ్ళీ దూరమే, చూశారా.

ప్రశ్నలుంటే అడగండి. ఏంటండీ, ఊరిబడి ట్రాన్స్‌ఫార్మర్ గోడకి ఆనుకుని ఉందా? మార్చమని అర్జీ పెట్టండి, నేనూ సంతకం పెడతాను. క్షేత్రం కోసం కాదు, దానికి కంచె లేదు, పిల్లలు బంతి కోసం లోపలికి వెళ్తున్నారు, అర్జీలో అదే రాయండి.

పిన్నిగారూ, మీరేదో అంటున్నారు. ఇన్వర్టర్ మంచం తల దగ్గరే ఉందా? అయితే మంచం ఒక రెండు మూరలు ఇటు జరపండి, దానికి పైసా ఖర్చు లేదు, ఆ మూలుగు కూడా వినబడదు, హాయిగా నిద్ర పడుతుంది. వసారాలో మాత్రం వద్దు, కాలవ పక్కన ఆ దోమలతో వారం తిరక్కుండా జ్వరం పట్టుకుంటుంది.

తల ఎటు పెట్టుకోవాలా? ఫ్యాను గాలి ఎటు బాగా తగిలితే అటు పెట్టుకోండి.